ప్రశ్నల బ్యాంకు పాఠాలు – 3: ఆప్షన్లను పట్టే ప్యాటర్న్

కిందటి భాగంలో అను ఫాంటులో (డీటీపీ వాళ్లు వాడేది, యూనికోడ్ కాదు) ఉన్న పేపర్ని యూనికోడ్‌లోకి మార్చుకున్నాం. అది చేయకుండా వచ్చినవాళ్లు ముందు ఆ పని చూసుకోండి, లేకపోతే మూడుల్‌లో (ఆన్‌లైన్ పరీక్షలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్) కనబడేదంతా గజిబిజే.

కర్నూలు డీటీపీ సెంటర్లో టైపు చేయించిన డీఎస్సీ మోడల్ పేపర్లో ఒక ప్రశ్న తీసుకుందాం. సరైన జవాబు చివర స్టార్ పెట్టమని టైపిస్టుకు ముందే చెప్పాం.

12. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన సంవత్సరం?
1) 1950
2) 1953 *
3) 1956
4) 1960

మూడుల్‌లోకి ప్రశ్నలు ఎక్కించే గిఫ్ట్ ఫార్మాట్‌కి ఇది ఇలా కావాలి (= ఉన్నది సరైన జవాబు, ~ ఉన్నవి తప్పు జవాబులు):

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన సంవత్సరం? {
~1950
=1953
~1956
~1960
}

వంద ప్రశ్నలంటే నాలుగు వందల ఆప్షన్లు. చేత్తో దిద్దితే తెల్లారిపోతుంది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో రీప్లేస్ తెరిచి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల వరసను గుర్తులతో చెప్పి వెతికే పద్ధతి) ఎంచుకోండి. పక్కనే డాట్, న్యూలైన్ అని ఒక టిక్ ఉంటుంది, తీసేయండి. అది ఉంటే ప్యాటర్న్ లైను దాటి పోతుంది.

మొట్టమొదట లెక్కల ప్రశ్నల సంగతి. వాటిలో ఉండే = గుర్తును మూడుల్ జవాబు అనుకుంటుంది. అందుకే అలాంటి గుర్తుల ముందు \ పెడతాం:

వెతకాల్సింది: ([=~#{}:])
పెట్టాల్సింది: \\$1

ఇది ముందే చేయాలి. తర్వాత చేస్తే మనం పెట్టిన గుర్తులకు కూడా \ తగులుకుంటుంది.

ఇప్పుడు స్టార్ ఉన్నవి:

వెతకాల్సింది: ^[1-4]\) *(.+?) *\* *$
పెట్టాల్సింది: =$1

^ అంటే లైను మొదలు, $ అంటే చివర. [1-4] ఒక్క అంకె. \) అంటే మామూలు బ్రాకెట్టే. (.+?) పట్టుకున్న జవాబే $1లోకి వస్తుంది.

మిగిలినవి:

వెతకాల్సింది: ^[1-4]\) *(.+)$
పెట్టాల్సింది: ~$1

ఈ రెండూ తారుమారైతే సరైన జవాబు కూడా తప్పుల్లో కలిసిపోతుంది, స్టార్ దాని వెనకే వేలాడుతుంటుంది.

చివరగా ప్రశ్న:

వెతకాల్సింది: ^[0-9]+\. *(.+)$
పెట్టాల్సింది: $1 {

కొందరు టైపిస్టులు ప్రశ్న నంబరుకూ బ్రాకెట్టే వేస్తారు. అప్పుడు మొదటి నాలుగు ప్రశ్నలూ ఆప్షన్లుగా మారిపోతాయి, అయిదో ప్రశ్న నుంచి ఆ గోల ఉండదు. మధ్యలో ఎక్కడో చూసి బాగుందనుకుంటే దొరికిపోతాం. ఫైలు మొదలే చూడండి. ఆ నాలుగింటికీ ముందే చేత్తో చుక్క పెట్టుకుంటే చాలు, వాటికి వేరే ప్యాటర్న్ రాయడం దండగ. చివరి ప్యాటర్న్‌లో \. బదులు [.)] రాయండి, చుక్క ఉన్న ఆ నాలుగూ బ్రాకెట్టున్న మిగతావీ అన్నీ పడతాయి.

మూసే బ్రాకెట్ ఇంకా పడలేదు. దానికి ఖాళీ లైనును పట్టాలి, అది వచ్చే భాగంలో. ఈలోగా ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఒక ఖాళీ లైను ఉందో లేదో, ప్రశ్న లోపల ఎక్కడైనా ఖాళీ లైను దూరిందేమో చూసి పెట్టుకోండి.