ఐటీలోకి మారే ముందు: ఒడిశాలో బరంపురం, రాయగడ వైపు తెలుగువాళ్లకు జాగ్రత్తలు

రాజీనామా ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

• ముందు పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం; ఒడిశా మెట్రిక్ సర్టిఫికెట్‌లో అది చివర పడి ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా. ఆఫర్ చేతికొచ్చాక వెరిఫికేషన్‌లో చిక్కు వచ్చేది ఇక్కడే. సర్టిఫికెట్ ప్రకారం ఆధార్, పాన్ ఇప్పుడే దిద్దించుకోండి.

• కోచింగ్‌కి వేలు పోయకండి. ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక) పైథాన్, డేటాబేస్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. వీడియో చూసి వదిలేస్తే రాదు. రోజూ కాసేపైనా మీ చేత్తో కోడ్ రాయండి.

• 5 ఏళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడొచ్చు. అదే యూఏఎన్‌తో (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీకి మార్చుకోండి.

• విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఆరు నెలల అద్దెకు, తిండికి డబ్బు దగ్గర పెట్టుకోండి.

• ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగితే, ఆ మనిషి మన ఊరివాడైనా సరే, పైసా ఇవ్వకండి.