కొండ సింహాలు తిరిగే చోట కుక్కను, పిల్లిని కాపాడుకోవడం ఎలా?

కాలిఫోర్నియాలో సారటోగా, లాస్ గాటోస్ వైపు కొండ అంచున ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పెరట్లోకి జింకలు వస్తాయని చెప్తే పిల్లలు మురిసిపోతారు. ఆ జింకల వెనక ఏది వస్తుందో ఎవరూ చెప్పరు. అక్కడివాళ్లు మౌంటెన్ లయన్ అనేది దాన్నే. కూగర్ అన్నా, ప్యూమా అన్నా అదే. పేరులో సింహం ఉన్నా జూలు ఉండదు, గర్జించదు, పిల్లిలా గురగురలాడుతుంది. మగది 60 కిలోలు దాటవచ్చు.

దాని అసలు ఆహారం జింక. వారానికి దాదాపు ఒకటి కావాలి. మీ కుక్క కోసం అది కొండ దిగి రాదు. కాని వచ్చిన దారిలో కుక్క దొరికితే వదలదు. కాబట్టి కుక్కకు కాపలా కాయడం ఎంత ముఖ్యమో, జింక రాకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం.

1. పొద్దుగూకే ముందే లోపలికి తీసుకురండి

సాయంత్రం మసక చీకటి నుంచి తెల్లవారే దాకా దాని వేట సమయం. ఆ వేళల్లో కుక్కను పెరట్లో కట్టేయడమంటే ఎర వేయడమే. పిల్లినైతే పగలు కూడా ఇంట్లోనే ఉంచడం మేలు. కుక్క కోసం తలుపుకు పెట్టిన చిన్న ద్వారాన్ని రాత్రికి మూసి గడియ పెట్టండి. 2017లో కాలిఫోర్నియాలోని పెస్కడెరో ఊళ్లో, గాలి కోసం తలుపు కాస్త తెరిచి పడుకున్న ఒక ఇంట్లోకి కొండ సింహం వచ్చి, పడకగదిలోంచే చిన్న కుక్కను ఎత్తుకుపోయింది.

2. పెరట్లో విందు పెట్టకండి

మన ఇళ్లలో మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పదు. కాకికో, ఉడుతకో అని గోడ మీద పెడతాం. అక్కడ ఆ ముద్దకు రకూన్లనే చిన్న జంతువులు వస్తాయి, వాటి కోసం కొండ సింహం వస్తుంది. కుక్క తిని వదిలిన గిన్నె, చెట్టు కింద రాలిన పండ్లు, పక్షుల గింజలు రాత్రికి ఉండకూడదు. జింకలకు తిండి పెట్టడం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం కూడా.

మొక్కల విషయంలోనూ ఆలోచించాలి. గులాబీ వేస్తే జింకలను పేరు పెట్టి పిలిచినట్టే. లావెండర్, రోజ్‌మేరీ లాంటి ఘాటు వాసన మొక్కల జోలికి అవి అంతగా రావు. గన్నేరునూ ముట్టవు కాని అది కుక్కకూ పిల్లికీ విషం, కాబట్టి వద్దు. పొదలను కింది నుంచి కత్తిరించండి. మాటు వేయడానికి కొండ సింహానికి చాటు కావాలి.

3. కంచెను నమ్మకండి

నిలుచున్న చోటు నుంచి 15 అడుగుల ఎత్తుకు ఎగరగల జంతువుకు ఆరడుగుల చెక్క కంచె ఒక లెక్క కాదు. మేకలు, కోళ్లు ఉంటే నాలుగు వైపులతో పాటు పైకప్పు కూడా ఉన్న గట్టి కొట్టం కావాలి.

4. వెలుగు, మాట

కదలిక కనిపించగానే వెలిగే దీపాలు పెట్టించండి. రేడియో కూడా పనికొస్తుంది, అయితే పాటలు కాదు, మాటలు వినిపించాలి. శాంతా క్రూజ్ కొండల్లో పరిశోధకులు, ప్యూమా తింటున్న వేట దగ్గర మనుషుల మాటలు, కప్పల అరుపులు వినిపించి చూశారు. కప్పలను పెద్దగా పట్టించుకోలేదు, మనిషి గొంతు వింటే చాలాసార్లు తిండి వదిలి పారిపోయింది. తెలుగు వార్తలు పెట్టినా పనిచేస్తుందనే నా నమ్మకం.

5. షికారుకు వెళ్లేటప్పుడు

కుక్కను పట్టుకునే తాడు తప్పనిసరి, అదీ పొట్టిగా ఉండాలి. అయినా తాడొక్కటే చాలదు. లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్కులో ఏళ్ల తరబడి ఒంటరిగా బతికి పేరు తెచ్చుకున్న పీ-22 అనే కొండ సింహం, 2022 నవంబరులో హాలీవుడ్ హిల్స్‌లో మనిషి చేతి తాడుకు ఉన్న చివావా అనే చిన్న జాతి కుక్కనే పట్టుకుపోయింది. వెలుగు బాగా ఉన్నప్పుడే వెళ్లండి, చెవుల్లో పాటలు వద్దు.

ఎదురుపడితే పరుగెత్తకండి, వంగకండి, వీపు చూపకండి. చిన్న కుక్కనైతే, కొండ సింహం మీద నుంచి చూపు తిప్పకుండా ఎత్తుకోండి. చేతులు పైకెత్తి పెద్దగా కనబడుతూ గట్టిగా అరవండి. మీదికి వస్తే తిరగబడి కొట్టాలి. తిరుమల నడకదారిలో చిరుత భయంతో 2023లో భక్తులకు చేతికర్రలు ఇచ్చారు గుర్తుందా, ఇక్కడా కర్ర బరువేమీ కాదు.

6. జరగరానిది జరిగితే

కోపంతో తుపాకీ, విషం జోలికి వెళ్లకండి. 1990 నుంచి ఇది ఆ రాష్ట్రంలో ప్రత్యేక రక్షణ ఉన్న జంతువు. ఎలుకల మందు కూడా వద్దు. మందు తిన్న ఎలుకను మీ పిల్లి తింటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖకు తెలియజేయండి, ఆనవాళ్లు చెరపకండి. చంపినదాన్ని ఆకులతో కప్పి తర్వాత తినడానికి మళ్లీ రావడం దాని అలవాటు. అందుకే ఆ చోటికి పిల్లలను పంపకండి, మిగిలిన జంతువులను ఆ రాత్రీ, తర్వాతి రాత్రులూ ఇంటి లోపలే ఉంచండి.