పాత ఫైబర్ బోటు బాగుచేసే ముందు జాగ్రత్తలు

నాగార్జునసాగర్ ఒడ్డున ఏళ్లుగా ఎండకు ఎండి, వానకు తడిసిన మోటారు బోటు చవగ్గా దొరికిందా? డబ్బులు ఇచ్చే ముందే, వెనక ఇంజన్ బిగించే పలకను సుత్తి పిడితో తట్టి చూడండి. గట్టిగా మోగాలి. డొల్ల చప్పుడు వస్తే ఒక స్క్రూ విప్పండి. దాంతోపాటు తడి తడిగా నల్లటి చెక్క పొట్టు వచ్చిందంటే లోపల కుళ్లినట్టే. మొదటిసారి చేసేవాళ్లు అలాంటి బోటు వదిలేయడమే మంచిది.

అన్నిటికన్నా భయపడాల్సింది రెజిన్ (ఫైబర్‌ను అతికించే జిగురు ద్రవం) దగ్గర. హార్డెనర్‌నూ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) కోబాల్ట్‌నూ (అది త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) ఎప్పుడూ నేరుగా కలపొద్దు, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్ పోయాలి. మామూలుగా కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాముల హార్డెనర్. డబ్బా మీద రాసిన లెక్కే పాటించండి. మన నల్లగొండ మే ఎండల్లో కలిపిన రెజిన్ మగ్గులోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. అందుకే పొద్దున్నే, నీడలో, కొంచెం కొంచెంగా కలుపుకోండి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి. పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆసుపత్రికి వెళ్లండి.

బోటు ఫైబర్‌ను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ఎన్95 మాస్క్, నిండు చేతుల చొక్కా ఉండాలి. రెజిన్ ఆవిరిని ఎన్95 ఆపదు, దానికి కార్బన్ క్యాట్రిడ్జ్ మాస్క్ కొనండి. ఆ దుమ్ము బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ట్యాంకులో పాత పెట్రోలు ముందే తీసేయండి. అసిటోన్ (రెజిన్ అంటినవి కడిగే, ఇట్టే అంటుకునే ద్రవం) వాడే చోట బీడీ, సిగరెట్ వద్దు.