టర్బో పాఠాలు – 5వ భాగం: బెజ్జం చాలనప్పుడు

టర్బోకి వెళ్లే ఎగ్జాస్ట్ వాయువులో కొంత పక్కదారి పట్టించే బెజ్జం, దాన్ని మూసే ఫ్లాప్ – ఈ రెండూ కలిపి వేస్ట్‌గేట్, మన మాటలో గేటు. బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి, పెరిగినప్పుడు రాడ్‌తో ఆ ఫ్లాప్‌ని తెరిచేది యాక్చుయేటర్. పోయిన భాగంలో ఆ యాక్చుయేటర్ రాడ్ సర్దడం నేర్చుకున్నాం. ఆ తరవాత మీలో చాలామంది రాసింది ఒకే సంగతి: "రాడ్ మొత్తం వదులు చేశాను, అయినా బూస్ట్ ఎక్కుతూనే ఉంది. పైగా కింద పికప్ చచ్చిపోయింది." తప్పు మీది కాదు. "బూస్ట్ ఎక్కువైతే రాడ్ వదులు చేయండి" అని రాసి వదిలేశాను. అది ఏ రకం ఎక్కువకో చెప్పలేదు. ఈ పాఠంలో చాలా భాగం ఆ వాక్యాన్ని సరిదిద్దడానికే.

ముందు రాడ్‌ని మళ్లీ చోటికి తెండి. ఫ్లాప్‌ని చేత్తో మూసి పట్టుకున్నప్పుడు రాడ్ చివరి కన్ను, ఫ్లాప్‌ని తిప్పే బయటి చేయి (లివర్) మీది పిన్నుకి దాదాపు 2 మి.మీ. అందకుండా ఉండాలి. దాన్ని లాగి తగిలించాలి. అంత బిగువు లేకపోతే ఎగ్జాస్ట్ వాయువే ఫ్లాప్‌ని తోసుకుని ముందే జారిపోతుంది. టర్బో మేల్కోకముందే దాని తిండి పక్కదారి పట్టినట్టే. మీ పికప్ పోయింది అందుకే.

ఇప్పుడు అసలు విషయం. బూస్ట్ ఒక్కసారిగా గీత దాటి వెంటనే దిగి నిలబడితే అది స్పైక్. గేటు తెరుచుకోవడం ఆలస్యమైందన్నమాట. దానికి మందు రాడ్‌లో, హోస్ పొడవులో ఉంది. బూస్ట్ అనుకున్న చోటే మొదలై, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తీరిగ్గా ఎక్కుతూ పోతే అది క్రీప్. ఇక్కడ గేటు ఎప్పుడో పూర్తిగా తెరుచుకుంది. ఇంకా తెరవడానికి ఏమీ లేదు. తూము తలుపు మొత్తం ఎత్తేశాక కూడా చెరువులో నీరు పెరుగుతోందంటే తప్పు తలుపుది కాదు, తూము చిన్నది. గేటు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది రాడ్. తెరుచుకున్నాక ఎంత వాయువు బయటికి పోగలదో చెప్పేది బెజ్జం. ఈ రెండూ వేరు.

ఫ్రీ ఫ్లో డౌన్‌పైప్ (టర్బో నుంచి ఎగ్జాస్ట్ బయటికి పోయే, అడ్డు తక్కువున్న పైపు) వేశాకే క్రీప్ మొదలైందని కొందరు ఆశ్చర్యపడ్డారు. టర్బైన్ (ఎగ్జాస్ట్ తిప్పే చక్రం) తరవాత ఒత్తిడి తగ్గితే టర్బైన్‌కి ముందూ వెనకా తేడా పెరుగుతుంది, చక్రం ఇంకా గట్టిగా తిరుగుతుంది. ఇంజిన్ కూడా ఇంకా ఎక్కువ గాలి పీలుస్తుంది. పాత బెజ్జం పాత పైపుకి సరిపోయేది, దీనికి చాలదు. చల్లటి గాలిలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే చల్లటి గాలి చిక్కన. మధ్యాహ్నం కొలిచి బాగుందనుకున్న బండి తెల్లవారుజామున గీత దాటొచ్చు.

రుజువు లేకుండా గ్రైండర్ పట్టకండి. బూస్ట్ కంట్రోలర్, దాని సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) అన్నీ పక్కన పెట్టండి. కంప్రెసర్ హౌసింగ్ (టర్బోలో గాలి తోసే వైపు డొల్ల) నిపుల్ నుంచి యాక్చుయేటర్‌కి ఒకే పొట్టి హోస్ వేయండి. డైనో (బండిని నిలబెట్టి చక్రాలు తిప్పి కొలిచే యంత్రం) మీద గానీ, మూసిన ట్రాక్‌లో గానీ ఫుల్ థ్రాటిల్‌లో ప్రతి 500 ఆర్‌పీఎంకీ బూస్ట్ రాసుకోండి. యాక్చుయేటర్‌లో 0.5 బార్ స్ప్రింగ్ ఉన్న బండిలో 3,000 దగ్గర 0.5, 4,500 దగ్గర 0.65, 6,000 దగ్గర 0.9 వస్తే ఇక అనుమానం అక్కర్లేదు, అది క్రీపే. తరవాత ఫ్లాప్‌ని తీగతో పూర్తిగా తెరిచి కట్టేసి మళ్లీ అదే పరుగు. అప్పుడు వచ్చే అంకె మీ బెజ్జం ఇవ్వగల కనిష్ఠం. దానికంటే తక్కువ ఏ స్ప్రింగూ, ఏ కంట్రోలరూ ఇవ్వలేదు. ఇంధన మిశ్రమం పలచబడినా, నాకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు) వినిపించినా వెంటనే కాలు తీసేయండి.

టర్బో విప్పడం, టర్బైన్ వైపు హౌసింగ్ వేరు చేయడం మీకు వచ్చు, అది రాయను. ఒక్కమాట మాత్రం: బండి మీద ఉండగా సాన పట్టకండి. నిమిషానికి లక్ష చుట్లు దాటే చక్రం అది. గోరంత ఇనుప రజను చాలు, రెక్కలు చెక్కుకుపోతాయి.

హౌసింగ్ చేతిలోకి వచ్చాక ఫ్లాప్ ముఖం చూడండి. మధ్యలో మసి పట్టిన నల్లటి బిళ్ల, దాని చుట్టూ సీటుకి (బెజ్జం చుట్టూ ఫ్లాప్ ఆనే చదునైన అంచు) రాసుకుని మెరిసే ఉంగరం ఉంటాయి. ఆ ఉంగరమే మీ కొలబద్ద. ఉదాహరణకి ఫ్లాప్ 31 మి.మీ., బెజ్జం 24 మి.మీ. ఉంటే సీటు చుట్టూరా మూడున్నర మి.మీ. వెడల్పు ఉన్నట్టు. బెజ్జాన్ని 27కి తీసుకెళ్లినా 2 మి.మీ. సీటు మిగులుతుంది. దానికంటే సన్నబడనివ్వను నేను. వేడికి ఫ్లాప్ కాస్త పక్కకి జరిగినా కప్పాలి కదా. మూడు మి.మీ. ఏమాత్రం అనుకోవద్దు: వైశాల్యం 452 నుంచి 573 చదరపు మి.మీ.కి పోతుంది. పావువంతు పైమాటే. ఫ్లాప్ పిన్ను చుట్టూ వదులుగా ఊగుతుంది కాబట్టి బెజ్జం అంచు నుంచి కాక ఉంగరం నుంచే కొలిచి, మార్కర్‌తో గీత గీయండి.

బెజ్జం పెద్దది చేయడం కంటే దాని నోటిని మలచడమే నాకు ఎక్కువ ఇష్టం. వాయువు స్క్రోల్‌లో (చక్రం చుట్టూ నత్తగుల్లలా తిరిగే మార్గం) వేగంగా వెళ్తూ పక్కకి తిరిగి ఈ బెజ్జంలో దూరాలి. వాయువు వచ్చే వైపు అంచు పదునుగా ఉంటే అది తిరగలేక ముందుకే పోతుంది. లోపలి వైపు నుంచి ఆ అంచుని గుండ్రంగా, జారుడుబల్లలా దిద్దండి. సీటు వైపు మాత్రం ముట్టుకోకండి, అది చదునుగానే ఉండాలి. గ్రైండర్‌కి డబుల్ కట్ కార్బైడ్ బర్ (లోహం చెక్కే గట్టి ముక్క), తక్కువ ఒత్తిడి, కళ్లజోడు, మాస్క్. టర్బైన్ చక్రం తిరిగే గుండ్రటి గోడ జోలికి పోవద్దు. బెజ్జానికీ లోపలి మార్గానికీ మధ్య గోడలో వెంట్రుకల్లాంటి పగుళ్లు ముందే ఉన్నాయేమో చూసుకోండి. పగులు లోతుగా ఉన్న హౌసింగ్‌ని నేను సాన పట్టను.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే తప్పు. బెజ్జం 27 చేసి, ఫ్లాప్ ఎంతవరకు తెరుచుకుంటుందో చూడకుండా బిగించేస్తారు. తలుపు ఓరగా తీసి గుమ్మం వెడల్పు చేస్తే ఏం లాభం? గుండ్రటి బెజ్జం మీద నేరుగా లేచే మూత, బెజ్జం వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేస్తేనే చుట్టూ ఉన్న సందు బెజ్జమంత అవుతుంది. 27కి అది దాదాపు 6.8 మి.మీ. మన ఫ్లాప్ ఒకవైపు కీలు మీద తిరుగుతుంది కాబట్టి మధ్యలో కనీసం అంత లేవాలి, ఇంకా ఎక్కువైతే మేలు. బయటి చేయి పొడవు 25 మి.మీ., రాడ్ కదలిక 10 మి.మీ. అయితే ఫ్లాప్ తిరిగేది సుమారు 23 డిగ్రీలు. కీలు నుంచి ఫ్లాప్ మధ్యకి 20 మి.మీ. ఉంటే లేచేది 8 మి.మీ. సరిపోయింది. అదే రాడ్ 6 మి.మీ. మాత్రమే కదిలితే 5 కూడా లేవదు, సాన పట్టిందంతా వృథా.

యాక్చుయేటర్ కదలిక సరిపోయినా దారిలో అడ్డాలుంటాయి. డౌన్‌పైప్ ఫ్లాంజ్ అంచు కావచ్చు, లోపలి అడ్డగోడ కావచ్చు, చిన్న కన్ను ఉన్న గ్యాస్కెట్ కావచ్చు, లోపలికి పొంగిన వెల్డింగ్ కావచ్చు. కంటికి కనపడదు కాబట్టి ఇలా పట్టుకోండి: డౌన్‌పైప్ నోట్లో, ఫ్లాప్ వచ్చే చోట పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి మైనం ముద్ద అంటించండి. చల్లగా ఉండగానే డౌన్‌పైప్ బిగించండి. చేతి పంపుతో యాక్చుయేటర్‌ని చివరిదాకా తెరవండి. విప్పి చూడండి. మైనం నొక్కుకుని పల్చబడి లోహం కనిపించిందా, ఫ్లాప్ అక్కడే తగిలి ఆగిపోతోంది. ఆ అంచుని తీసేయండి. ఫ్లాప్ వెనక నట్టు, వాషర్ కూడా అచ్చు వేస్తాయి, అదీ చూడండి. చివరికి మైనం తుడిచేయడం మరవద్దు.

బిగించే ముందు హౌసింగ్‌ని కడిగి, గాలి కొట్టి, మళ్లీ కడగండి. ఫ్లాప్ మూసి లోపల టార్చి వేస్తే సన్నటి వెలుగు కనబడితే పర్వాలేదు, స్పష్టమైన గీతలా వెలుగు వస్తే సీటు చెడింది.

రాడ్‌ని మళ్లీ చూడాలి. టర్బైన్ ముందు ఒత్తిడి ఫ్లాప్ వెనకకంటే 1.5 బార్ ఎక్కువ ఉందనుకోండి. 24 మి.మీ. బెజ్జం మీద అది దాదాపు ఏడు కిలోల బరువులా తోస్తుంది. 27 మీద తొమ్మిదికి దగ్గర. కాబట్టి గేటు కాస్త ముందే తెరుచుకుంటుంది, పికప్ తగ్గినట్టు ఉంటుంది. అప్పుడు రాడ్ బిగించండి. ఆరు మి.మీ. మామూలు మర అయితే ఒక చుట్టుకి ఒక మి.మీ. ఒకసారికి అర చుట్టు, ఆపై కొలత.

అభ్యాసం: గ్రైండర్ ముట్టుకోకముందు మూడు వేర్వేరు రోజుల్లో, అందులో ఒకటి బాగా చల్లటి రోజు, ఫ్లాప్ మామూలుగా ఉంచి ఒకసారి, తెరిచి కట్టి ఒకసారి పరుగులు తీసి ఆరు పట్టికలూ ఒకే కాగితం మీద గీయండి. మీ ఫ్లాప్, సీటు, చేయి పొడవు, రాడ్ కదలిక కొలిచి ఫ్లాప్ ఎంత లేస్తుందో లెక్క కట్టండి. లేచేది కొత్త బెజ్జం వ్యాసంలో నాలుగో వంతుకి తక్కువైతే ముందు యాక్చుయేటర్ సంగతి చూడండి, బెజ్జం తరవాత.