వృద్ధాశ్రమంలో ఆర్కెస్ట్రా పెట్టాలంటే

మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ఇద్దరు సింగర్లు, మనిషంత ఎత్తు స్పీకర్లు. పెళ్లి రిసెప్షన్‌లో వాళ్లు మొదలుపెట్టగానే పెద్దవాళ్లంతా చెవులు మూసుకుని భోజనాల వైపు నడుస్తారు. ఆశ్రమంలో మంచం మీదా వీల్‌చైర్‌లోనూ ఉన్నవాళ్లకి అలా లేచిపోయే వీలు కూడా ఉండదు. అందుకని ముందు ఆ స్పీకర్లు ఇంట్లో వదిలేసి రండి.

వయొలిన్, ఫ్లూటు, తబలా, చిన్న కీబోర్డు, పాడేవాళ్లు ఒకరిద్దరు, అంతే చాలు. ముప్పై మంది కూర్చునే హాలుకి పాడేవాళ్ల ముందు ఒక్క మైకు పెడితే సరిపోతుంది. వయసు పైబడితే చెవికి ముందుగా వినపడకుండా పోయేవి సన్నటి, పై స్థాయి శబ్దాలు, కాబట్టి మొత్తం సౌండ్ పెంచినంత మాత్రాన పాటలో మాట తెలియదు, గోల మాత్రం పెరుగుతుంది. ఇక వినికిడి మిషన్లు తయారుచేసేది ప్రధానంగా మాటల కోసం, వాటిలోంచి సంగీతం గరగరమని వినిపించొచ్చు. కొన్నింటిలో సంగీతానికి వేరే సెట్టింగ్ ఉంటుంది, ఉందేమో వాళ్ల పిల్లలకి ఫోన్ చేసి కనుక్కోండి. మిషన్ పెట్టుకున్నవాళ్లని తబలా పక్కన మాత్రం కూర్చోబెట్టొద్దు. సీలింగ్ ఫ్యాన్లు మరీ చప్పుడు చేస్తుంటే తగ్గించండి.

మొదటిసారి మేం వెళ్లినప్పుడు హాలు పై అంతస్తులో ఉంది, సరిగ్గా ఆ రోజే లిఫ్టు మొరాయించింది, వీల్‌చైర్లలో ఉన్న తొమ్మిది మంది కిందే ఉండిపోతే మేం పైన నడవగలిగినవాళ్లకి వాయించి చప్పట్లు కొట్టించుకుని వచ్చేశాం. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పట్నుంచి వారం ముందే ఒకసారి వెళ్లి చూస్తున్నాం: కుర్చీల మధ్య కనీసం మూడడుగుల దారి ఉందా, బాత్రూం ఎంత దూరం, ప్లగ్ పాయింట్లు ఎక్కడ అని. వీల్‌చైర్ల చోటు ముందు వరసలోనే ఖాళీగా ఉంచండి, చివర గోడవారన కాదు. వాయించేవాళ్లు కింద చాప మీద కూర్చుంటే మూడో వరసకి కనపడరు, కుర్చీలేయండి.

టైము టీ ఇచ్చాక, నాలుగు గంటలకి. ముప్పావు గంటకి మించొద్దు. మతిమరుపు జబ్బు ఉన్న కొందరికి చీకటి పడేకొద్దీ గాభరా పెరుగుతుంది, కాబట్టి రాత్రి ప్రోగ్రాములు వద్దు. అతిథుల ఉపన్యాసాలు, జ్యోతి ప్రజ్వలన, దాతకి శాలువా అసలే వద్దు, ఆ ఇరవై నిమిషాల్లో నాలుగు పాటలు పడతాయి.

పాటల ఎంపికకి ఒక లెక్క ఉంది. ఎనభై ఏళ్ల మనిషికి పదిహేను నుంచి పాతికేళ్ల వయసంటే 1960ల కాలం. ఘంటసాల, సుశీల, సాలూరి రాజేశ్వరరావు బాణీలు, పొద్దున్నే విజయవాడ రేడియోలో వచ్చిన భక్తిరంజని, ఇవీ వాళ్లవి. "ముసలివాళ్లు కదా" అని గంటసేపు భజనలే పెట్టకండి, డ్యూయెట్లు అడిగేవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లకి వయసుతో గొంతు కిందికి దిగుతుంది, అందుకే రికార్డులో ఉన్న శ్రుతికి పట్టుబట్టకుండా ఒకటి రెండు మెట్లు దించి పాడితే వాళ్లూ కలుపుతారు. వేగం కూడా కాస్త తగ్గించండి.

వాయించేవాళ్లకి డబ్బులివ్వండి, కనీసం ఆటో ఖర్చులైనా. సేవ అని ఊరికే పిలిస్తే రెండోసారి ఎవరూ రారు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఆ రోజుకి ఆగిపోవాలి. ఫొటోలు అడిగే తీయండి.

హాల్లో అయిపోయింది కదా అని సర్దేయకండి, అసలు పని అప్పుడే మొదలవుతుంది. మంచం దిగలేనివాళ్ల గదులకి వయొలిన్, ఒక గొంతు, ఇద్దరే వెళ్లాలి. తలుపు దగ్గర ఆగి "రమ్మంటారా" అని అడిగి, గదికి రెండు పాటలు. వద్దంటే వద్దు. ఒకసారి వయొలిన్ వాయించే మావాడు ఏసీ హాల్లోంచి నేరుగా ఓ పెద్దాయన గదికి వెళ్లి మోహన రాగం మొదలుపెట్టాడు. పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన ఆయన కళ్లు తెరవకుండానే బాగున్న చెయ్యి ఎత్తి ఆపాడు. "పంచమం తగ్గింది నాయనా, చూసుకో." నిజంగానే ఏసీ చల్లదనంలోంచి వెచ్చటి గదిలోకి రాగానే ఆ పంచమం తీగ శ్రుతి దిగింది. ఇప్పుడు అక్కడికి వెళ్తే మావాడు ముందు ఆ గదిలో శ్రుతి చూపించుకుని గానీ హాల్లోకి రాడు.