పాత వెదురు ఫ్లై రాడ్‌ని బాగుచేసుకోవడం, అదీ మన వైజాగ్ గాలిలో

అటక మీదో పాత సామాన్ల కొట్లోనో వెదురు ఫ్లై రాడ్, అంటే ఈగలా కట్టిన దొంగ ఎరని విసిరి చేపలు పట్టే కర్ర, దొరికితే ముందు సాండ్‌పేపర్ పక్కన పెట్టెయ్యండి. ఇది మామూలు గాలపు కర్ర కాదు, దక్షిణ చైనాలో పెరిగే టోంకిన్ వెదురుని ముక్కోణపు బద్దలుగా చీల్చి ఆరు బద్దలు కలిపి అతికిస్తారు. బలమంతా పైతొక్క కింద ఉండే గట్టి నారలోనే ఉంటుంది, అది అరగదీశారంటే రాడ్ మెత్తబడిపోద్ది, ఇంక తిరిగి రాదు.

ముందు మెల్లగా వంచి చెవి దగ్గర పెట్టుకుని వినండి. టిక్ టిక్ మంటే ఏదో ఒక అతుకు విడిపోయిందనో, ముక్కల్ని కలిపే లోహపు గొట్టం, అదే ఫెర్రూల్, వదులైందనో లెక్క. అతుకు విడితే నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు పల్చగా పూసి దారంతో బిగించి చుట్టి, పైనుంచి నిటారుగా వేలాడదియ్యండి. బాగా పాతవాటికి జంతువుల చర్మంతో కాచిన జిగురు వాడేవారు, దానికి నీళ్ళూ పడవు వేడీ పడదు, కాబట్టి కొంచెం వంకర ఉన్నా వేడి చూపించి సరిచెయ్యబోకుండా వదిలెయ్యడమే నయం అంటాను.

ఇప్పుడు గాలపు దారం పోయే రింగులు, ఇవి రాడ్‌కి దారంతో చుట్టి కట్టి ఉంటాయి. తీసేముందు ఏ రింగు ఎంత దూరంలో ఉందో కాగితం మీద రాసుకోండి, ఫోటో కూడా తియ్యండి. పాత దారాన్ని రింగు పాదం మీద, అంటే లోహం మీదే బ్లేడుతో కొయ్యండి, వెదురు మీద కాదు. పాత వార్నిష్‌ని బ్లేడు నిలువుగా పట్టుకుని ఓపిగ్గా గీకాలి.

కొత్తగా చుట్టడానికి నిజమైన పట్టుదారమే కావాలి. మగ్గం వర్క్ సామాన్లు అమ్మే షాపుల్లో సిల్క్ అని ఇచ్చేది చాలాసార్లు రేయానే, చిన్న ముక్క కాల్చి చూడండి, జుట్టు కాలిన వాసనొస్తే పట్టు, కాగితం వాసనొస్తే వద్దు. వార్నిష్ తగలగానే పట్టు రంగు బాగా ముదురుతుంది, అందుకే అనుకున్నదానికంటే లేత రంగు తీసుకోండి.

అసలు కష్టం వార్నిష్ దగ్గరే. పడవలకి వాడే మెరైన్ వార్నిష్ పల్చగా మూడు నాలుగు పూతలు వెయ్యాలి, ఒక్కోటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. బీచ్ వైపు కిటికీ ఉన్న గదిలో అస్సలు చెయ్యకండి, ఉప్పు గాలీ తేమా రెండూ పట్టేస్తాయి, పూత జిగట తగ్గనే తగ్గదు. అక్టోబర్, నవంబర్ వానల్లో మొదలుపెట్టకుండా జనవరి, ఫిబ్రవరి దాకా ఆగండి, అప్పుడు కూడా సాయంత్రం మంచు పడకముందే పని ఆపెయ్యాలి.

ఫెర్రూల్ మగ భాగాన్ని, అంటే రెండోదాని లోపలికి దూరేదాన్ని, స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి చాలు, అరగదీస్తే వదులైపోద్ది. విప్పేటప్పుడు తిప్పకుండా నేరుగా లాగాలి. వానాకాలంలో రాడ్‌ని తడిగా ట్యూబులో పెట్టి మూత బిగించకండి, బూజు పట్టేస్తుంది, గుడ్డ సంచిలో వేసి లోపలి గదిలో గోడకి నిలువుగా వేలాడదీసుకోండి.