ఉపవాసం చేస్తామనే పిల్లల విషయంలో ముందుగా చూసుకోవలసినవి

పెద్దలు బరువు తగ్గడానికి పాటించే 16 గంటల ఉపవాసాన్ని ఎదిగే వయస్సు పిల్లలు తామూ మొదలుపెడతామన్నప్పుడు, సరేననే ముందు వారి ఎదుగుదల ఏ దశలో ఉందో తెలుసుకోవాలి. ఆడపిల్లల్లో రొమ్ముల ఎదుగుదల సాధారణంగా 8–13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో వృషణాల పెరుగుదల 9–14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఆడపిల్లలు రజస్వల కావడానికి ఆ తర్వాత ఇంచుమించు రెండు, రెండున్నరేళ్లు పడుతుంది.

ఈ వయస్సును చాలావరకు వంశపారంపర్యమే నిర్ణయిస్తుంది. ఆహారం దాన్ని కొంత ముందుకో వెనక్కో జరుపుతుంది. కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్, శరీరంలో శక్తి నిల్వలు ఎంత ఉన్నాయో మెదడులోని హైపోథాలమస్‌కు తెలియజేస్తుంది. నిల్వలు చాలవనిపిస్తే యుక్తవయస్సును నడిపించే హార్మోన్ల విడుదల మందగిస్తుంది. చాలీచాలని తిండితో కఠినమైన క్రీడాభ్యాసం చేసే అమ్మాయిలు ఆలస్యంగా రజస్వల కావడానికి, బొద్దుగా ఉన్న అమ్మాయిలు తరచు తొందరగా కావడానికి ఇదొక ముఖ్య కారణం. అందువల్ల ఏ వేళకు తిన్నారన్న దానికన్నా, మొత్తం మీద సరిపడా తిన్నారా అన్నదే ముఖ్యం. కాకపోతే తినే సమయాన్ని ఎనిమిది గంటలకు కుదిస్తే, ఎదిగే పిల్లలకు రోజుకు కావలసిన కాల్షియం, ఇనుము, మాంసకృత్తులు అందులో ఇమడటం కష్టం. అందుకే వైద్యుడు ప్రత్యేకంగా చెబితే తప్ప ఈ వయస్సులో ఇటువంటి ఉపవాసం వద్దనే నా అభిప్రాయం.

ఆరు నెలలకొకసారి ఎత్తు కొలవండి. చెప్పులు విప్పించి, మడమలు, వీపు గోడకు ఆనేలా నిలబెట్టి, గట్టి అట్ట పుస్తకాన్ని తలపై అడ్డంగా ఉంచి, దాని అడుగు అంచు వద్ద పెన్సిలుతో గీత గీయాలి. సాయంత్రానికి ఎత్తు కొద్దిగా తగ్గుతుంది కనుక ప్రతిసారీ ఒకే వేళకు కొలవడం మంచిది. యుక్తవయస్సుకు ముందు ఏడాదికి 5–6 సెంటీమీటర్లు పెరగాలి. 4 కన్నా తక్కువైతే పిల్లల వైద్యుడికి చూపించాలి.

బరువు ఎక్కువున్న పిల్లలకు పూటలు మాన్పించకుండా తీపి పానీయాలు, వేపుళ్లు తగ్గించండి. ఎత్తు పెరుగుతుండగా బరువు నిలకడగా ఉంటే చాలు. ఆడపిల్లల్లో 8, మగపిల్లల్లో 9 ఏళ్లలోపే మార్పులు కనిపిస్తే, తిండి తగ్గించి వాటిని ఆపాలని చూడకుండా వైద్యుడిని కలవండి. ఆడపిల్లలకు 13, మగపిల్లలకు 14 ఏళ్లు నిండినా మార్పులు మొదలుకాకపోయినా అంతే. ఉపవాసాలు మొదలుపెట్టాక అమ్మాయికి నెలసరి మూడు నెలలు రాకపోతే, ఉపవాసం వెంటనే మాన్పించి వైద్యుడి వద్దకు తీసుకువెళ్లాలి.